ల్యాప్‌టాప్ చచ్చిపోయింది అనే ముందు కరెంటు చూడండి



ఈసారి పంట సంగతి కాదు. మన ఇళ్లల్లో బీరువా మీద దుమ్ము కొట్టుకుని పడి ఉన్న పాత ల్యాప్‌టాప్‌ల సంగతి. పిల్లలు డిగ్రీలోనో ఇంజినీరింగులోనో చేరినప్పుడు అప్పోసప్పో చేసి కొన్నాం. ఒకరోజు బటన్ నొక్కితే వెలగలేదు. "చచ్చిపోయింది" అని ఒక్క మాట అనేసి పక్కన పడేశాం. ఇంకొందరైతే పాత సామాన్ల వాడికి తూకానికి ఇచ్చేశారు. ఇది సరైన పని కాదని నా అభిప్రాయం.

బోరు మోటారు తిరక్కపోతే మనం ఏం చేస్తాం? మూడు ఫేజులూ వస్తున్నాయా అని చూస్తాం. ఫ్యూజు చూస్తాం, స్టార్టరు చూస్తాం. ఇవన్నీ అయ్యాకే మోటారు పైకి లాగుతాం. లాగితే ఎంత ఖర్చో మనకి తెలుసు కాబట్టి. మరి షాపులో కుర్రాడు "బోర్డు పోయింది" అంటే మాత్రం ఏమీ అడక్కుండా తల ఊపేస్తాం. ఆ తల ఊపుడు ఖరీదు వేలల్లో ఉంటుంది.

మోటారుకి చూసినట్టే దీనికీ వరసగా చూడండి.

మొదట ప్లగ్గు. అదే ప్లగ్గులో ఫోన్ చార్జరు పెట్టండి. ఫోన్ ఎక్కితే కరెంటు ఉన్నట్టు. తర్వాత చార్జరు. గోడ నుంచి చార్జరు పెట్టె దాకా వచ్చే వైరు ఎలుక కొరికిందా, వదులైందా చూడండి. పాత గుండ్రటి పిన్ను చార్జర్లు చాలావరకు 19 వోల్టులు ఇస్తాయి. ఎంత ఇవ్వాలో దాని మీదే రాసి ఉంటుంది. మీటరు ఉన్నవాళ్లతో చూపించండి. కొత్త చార్జరు కొంటే వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి. ఆంపియర్లు అంతే గానీ ఎక్కువ గానీ ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు. పిన్ను కూడా అదే రకం కావాలి.

చార్జరు బాగుంటే, దాన్ని పీకేసి, బ్యాటరీ ఊడేదైతే అదీ తీసేయండి. పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిపోయిన కరెంటు పోతుంది. ఇప్పుడు బ్యాటరీ లేకుండా చార్జరు ఒక్కటే పెట్టి ఆన్ చేయండి. చాలా పాతవి దీంతోనే లేచి కూర్చుంటాయి. బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం నొక్కొద్దు, గుచ్చొద్దు, చార్జింగ్ పెట్టొద్దు. అది అంటుకుంటుంది.

ఫ్యాను తిరుగుతూ లైటు వెలుగుతూ తెర మాత్రం నల్లగా ఉంటే, చీకట్లో తెర మీదకి ఏటవాలుగా టార్చి వేయండి. బొమ్మ మసకగా కనిపిస్తే యంత్రం బతికే ఉంది, తెర వెనక లైటు పోయింది. వైరుతో టీవీకి కలిపి చూసినా తెలుస్తుంది. బీప్ బీప్ అని కూస్తే ర్యామ్ వదులై ఉండొచ్చు. చార్జరు, బ్యాటరీ తీసేసి, ర్యామ్ ఊడదీసి, దాని రాగి రంగు అంచుని పిల్లల రబ్బరుతో తుడిచి గట్టిగా పెట్టాలి. చెయ్యి తిరిగినవాళ్లతో చేయించండి.

"ఇంత తిప్పలెందుకు, ఫోనులో అన్నీ అవుతున్నాయి కదా" అనేవాళ్లు ఉన్నారు. నిజమే, కొన్ని అవుతాయి. కానీ ఉద్యోగాలకి పెట్టుకునే పిల్లలకి, టైపింగు నేర్చుకునేవాళ్లకి, లెక్కలు రాసుకునేవాళ్లకి పాత ల్యాప్‌టాప్ అయినా ఫోను కన్నా మేలు.

అంతకన్నా పెద్ద సంగతి ఇంకోటుంది. నిజంగానే బోర్డు పోయిందనుకోండి. బాగుచేయడానికి అయ్యే ఖర్చు ఆ ల్యాప్‌టాప్ విలువ కన్నా ఎక్కువైతే వదిలేయండి, తప్పులేదు. కానీ అందులో హార్డ్ డిస్క్ అని వేరే ఉంటుంది. బోర్డు పోయినా అది బతికే ఉండొచ్చు. ఊడదీసి, చిన్న పెట్టెలో పెట్టి యూఎస్‌బీ వైరుతో ఇంకో కంప్యూటరుకి తగిలిస్తే ఫొటోలు, సర్టిఫికెట్లు, స్కాన్ చేసిన పాస్‌బుక్కు, ఆధార్ కాగితాలు బయటికి తీసుకోవచ్చు. మీకు అందేవి తూకానికి కొన్నవాడికీ అందుతాయి. పాస్‌బుక్కు ఎవరి చేతికీ ఇవ్వని మనం డిస్కుతో సహా ల్యాప్‌టాప్‌ని అమ్మేస్తున్నాం!

అందుకే షాపుకి వెళ్తే మూడు అడగండి: చార్జరు మీటరుతో చూశావా? బ్యాటరీ తీసి చూశావా? ర్యామ్ మార్చి చూశావా? పాత భాగాలూ డిస్కూ మాకే ఇచ్చెయ్ అని ముందే చెప్పండి. అడిగే రైతుని మోసం చేయడం ఎవరికైనా కష్టమే, అది పురుగుమందు కొట్టయినా, కంప్యూటర్ షాపయినా.