రాజుల లెక్క ప్రజల ఖాతాలో వేయవద్దు

నాచారంలో మేము కొందరం ఉద్యోగ విరమణ చేసినవారం కలిసి సాయంకాలం పూట పిల్లలకు పాఠాలు చెబుతుంటాం. గత మాసం ఎనిమిదో తరగతి చదివే ఒక బాలుడు పుస్తకం తెరవకుండా తల వంచుకుని కూర్చున్నాడు. ఏమైందని అడిగితే చాలాసేపటికి నోరు విప్పాడు. "దాదా, ఓరుగల్లు గుడిని మనవాళ్లేనా కూలగొట్టింది?" తరగతిలో కాకతీయుల పాఠం జరిగిందట. పాఠం అయ్యాక పక్క బెంచీ పిల్లలు వాడిని నిలదీశారట. వాడి తండ్రి ఆటో నడుపుతాడు. తాత దూది ఏకేవాడు. వారి వంశంలో ఓరుగల్లు కోట దాకా వెళ్లినవారే ఎవరూ లేరు.

అదే వారం ఉప్పల్‌లో ఒక విందులో వేరొక మాట విన్నాం. ఒక పెద్దమనిషి ఎంతో గర్వంగా "ఆరు వందల ఏండ్లు ఈ దక్కనును ఏలినవాళ్లం మనం" అన్నారు. ఆయన అద్దె ఇంట్లో ఉంటారు. కుమారులిద్దరూ నాచారం పారిశ్రామిక వాడలో రోజుకూలీలు. ఏలిన వంశం సొమ్ము ఏదీ వారి గడప తొక్కిన జాడ మాకు కనిపించలేదు.

ఆ పిల్లవాడి సిగ్గు, ఈ పెద్దమనిషి గర్వం ఒకే పొరపాటుకు రెండు ముఖాలు. ముప్పై ఏండ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో పద్దులు రాసిన అనుభవంతో చెబుతున్నాం: ఒకరి లెక్కను మరొకరి ఖాతాలో వేస్తే ఎన్నిసార్లు కూడినా మొత్తం సరిపడదు. రాజుల జమా ఖర్చులను ప్రజల ఖాతాలో వేయడమే మన చరిత్ర చర్చలో జరుగుతున్న ప్రధానమైన తప్పు.

ముందుగా బాలుడి ప్రశ్నకు నిజాయితీగా సమాధానం చెప్పాలి. అవును, ఓరుగల్లు కోటలోని స్వయంభూదేవాలయం నేలమట్టమైంది. 1323లో ఢిల్లీ సుల్తాను కుమారుడు ఉలుఘ్ ఖాన్ సైన్యం ఓరుగల్లును జయించింది. ప్రతాపరుద్రుడు బందీగా ఢిల్లీకి వెళ్తూ దారిలో మరణించాడు. గుడి పోయింది, చుట్టూ నిలిచిన తోరణాలు మిగిలాయి. దీనిని దాచవలసిన అవసరం మనకు లేదు. ప్రార్థనాలయాన్ని కూల్చడం అన్యాయం, ఎవరు కూల్చినా అన్యాయమే. దాచితే ఆ పాపాన్ని మనదిగా మనమే ఒప్పుకున్నట్టవుతుంది.

అయితే కథ అక్కడితో ముగియదు. ఆ యుద్ధంలో పట్టుబడిన కాకతీయ సేనానులలో గన్నమ నాయకుడు ఒకడు. ఢిల్లీలో ఇస్లాం స్వీకరించి మలిక్ మక్బూల్ అయ్యాడు. ఫిరోజ్ షా తుగ్లక్ కాలంలో ఖాన్-ఎ-జహాన్ బిరుదుతో ప్రధాన వజీరుగా ఢిల్లీ రాజ్యాన్ని నడిపాడు. అంటే ఓరుగల్లు ఓడిన ముప్పై ఏండ్లకే ఢిల్లీ పాలనలో సుల్తాను తరువాతి స్థానం ఒక తెలుగువాడిది. మరి అతని లెక్కను ఎవరి ఖాతాలో వేయాలి? తెలుగువారి ఖాతాలోనా, ముస్లింల ఖాతాలోనా?

ఆ కాలపు రాజులకు ఓడిన రాజు గుడి ఆ రాజు అధికారానికి గుర్తు. దానిని కొట్టినా, అందులోని విగ్రహాన్ని తీసుకుపోయినా పరాజితుని ప్రతిష్ఠను తీసుకుపోయినట్టే. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఉదయగిరిని గెలిచి, అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తెచ్చి ప్రతిష్ఠించాడు. గెలిచినవాడూ ఓడినవాడూ ఇద్దరూ హిందూ రాజులే. కూల్చడమూ తీసుకుపోవడమూ ఒకటే అని మేము అనడం లేదు. రెండింటి వెనుకనున్నది రాజ్యకాంక్ష అని మాత్రమే అంటున్నాం.

ప్రపంచమంతటా ఇదే తీరు. 1204లో క్రైస్తవ క్రూసేడు సైన్యం దోచుకున్నది క్రైస్తవ నగరమైన కాన్‌స్టాంటినోపుల్‌ను. 1398లో తైమూరు ఢిల్లీలో జనాన్ని ఊచకోత కోసినప్పుడు సింహాసనం మీద ఉన్నది ముస్లిం సుల్తానే. నాలుగేండ్లకు అంకారా వద్ద అదే తైమూరు ఉస్మానీ సుల్తాను బాయజీదును బందీ చేశాడు. మతం ఒకటైనంత మాత్రాన కత్తి ఒరలోకి వెళ్లలేదు.

ఇక మన గోలకొండకు వద్దాం. ఇబ్రహీం కుతుబ్ షా రాజు కాకముందు ప్రాణభయంతో పారిపోయి ఏడేండ్లు తలదాచుకున్నది విజయనగరంలో, అళియ రామరాయల ఆశ్రయంలో. 1550లో గోలకొండ సింహాసనం ఎక్కాడు. తెలుగు కవులు అతనిని మల్కిభరాముడని పిలిచారు. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని అతనికే అంకితమిచ్చాడు. పటాన్‌చెరువు ప్రాంతాన్ని ఏలిన అమీన్ ఖానుకు పొన్నికంటి తెలగనార్యుడు అచ్చతెలుగు కావ్యమైన యయాతి చరిత్రను అంకితమిచ్చాడు. మన నాచారానికి పక్కనే ఉన్న మౌలాలీ గుట్ట మీది దర్గా కూడా ఇబ్రహీం కాలంలోనే వెలసిందని సంప్రదాయం. నేటికీ ఆ మెట్లు ఎక్కేవారిలో అన్ని మతాలవారూ ఉన్నారు.

ఇదంతా చెప్పి చేతులు దులుపుకుంటే మళ్లీ అదే పొరపాటు చేసినవారమవుతాం. ఎందుకంటే 1565లో తనకు అన్నం పెట్టిన రామరాయల మీదికి మిగతా సుల్తానులతో కలిసి కత్తి ఎత్తినవాడూ ఆ ఇబ్రహీమే. కవిని ఆదరించడం రాజధర్మం, ఆశ్రయదాతతో యుద్ధం రాజనీతి. రెండూ రాజుగారివే. మల్కిభరాముని పుణ్యం మనకు రాదు, తళ్ళికోట పాపమూ మనకు రాదు.

భద్రాద్రి రామదాసు కథను కూడా మేము గుమాస్తా కళ్లతోనే చూస్తాం. తానీషా పాలనలో కంచర్ల గోపన్న పాల్వంచ ప్రాంతపు తహసీల్దారు. సర్కారు శిస్తు సొమ్మును గుడి నిర్మాణానికి ఖర్చు చేశాడన్న అభియోగంపై గోలకొండ చెరసాలలో పడ్డాడు. అప్పుడు రాజ్య వ్యవహారాలు నడిపినవారు మాదన్న, అక్కన్న సోదరులు. గోపన్న వారికి మేనల్లుడని ప్రసిద్ధి. ఇది మతపు కేసు కాదు, ఖజానా కేసు. భద్రాచలం సీతారాముల కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారాన్ని తానీషా మొదలుపెట్టాడని సంప్రదాయం, దానిని ప్రభుత్వాలు నేటికీ కొనసాగిస్తున్నాయి. ఆ తానీషా రాజ్యాన్ని 1687లో నెలల తరబడి ముట్టడించి మింగినవాడు ఔరంగజేబు. అతని మన్సబుదారులలో రాజపుత్రులూ మరాఠాలూ ఉన్నారు. ఒక ముస్లిం చక్రవర్తి ఒక ముస్లిం రాజును దౌలతాబాదు కోటలో ఖైదు చేశాడు. ఆ రాజు చెరలోనే కన్నుమూశాడు.

ఈ రాజుల కింద సామాన్యుడి బతుకు ఎలా ఉండేది? పదిహేడో శతాబ్దపు తొలి దశకాలలో మచిలీపట్నంలో ఉన్న ఆంగ్ల వర్తకుడు విలియం మెథ్వోల్డ్ గోలకొండ శిస్తు వసూలు వేలంపాటలో ఎక్కువ పాడినవారికి దక్కేదని రాశాడు. పాడినవాడు పెట్టుబడిని, లాభాన్ని రైతు వీపు మీద నుంచే రాబట్టాడు. గుత్తేదారులలో పారశీక ప్రభువులూ ఉన్నారు, బ్రాహ్మణులూ కోమట్లూ ఉన్నారు. శిస్తు కట్టిన రైతులలో, నేతగాళ్లలో ఇరు మతాలవారూ ఉన్నారు. ఇక్తా, జాగీరు, కాకతీయుల నాటి నాయంకరం, విజయనగరపు అమరం, ఉస్మానీల తిమారు అని పేర్లు వేరు కావచ్చు. రాజు భూమి ఆదాయాన్ని పంచిపెట్టి సైన్యాన్ని, విధేయతను కొనుక్కోవడం అన్నింటిలోనూ ఉన్నదే. ఆ పంపకంలో దున్నేవాడి మతం ఎవరికీ పట్టలేదు.

నిజాం రాజ్యంలోనూ అంతే. భూమిలో సుమారు 30 శాతం జాగీర్ల కింద, పదో వంతు నిజాం సొంత ఖర్చుల కోసం సర్ఫెఖాస్ కింద ఉండేది. పెద్ద జాగీర్దారులలో ముస్లింలు ఎక్కువ, దేశ్‌ముఖులలో హిందూ అగ్రకులాలవారు ఎక్కువ. వెట్టి చేసినవారిలో మాత్రం బడుగు కులాలన్నీ ఉన్నాయి.

ఉప్పల్ నుంచి వరంగల్ రహదారి పట్టుకుని జనగామ చేరి, అక్కడి నుంచి సూర్యాపేట వైపు తిరిగితే కామారెడ్డిగూడెం వస్తుంది. ఆ ఊరి రైతు షేక్ బందగీ తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖుతో కోర్టులో పోరాడి గెలిచాడు. 1940లో దేశ్‌ముఖు మనుషులు అతనిని చంపారు. గద్దె మీద ముస్లిం రాజు ఉన్నాడు, రాజ్యం ఆసఫ్‌జాహీలది. బందగీ నమాజు చేసే ముస్లిం. అయినా ఆ రాజ్యం అతనిని కాపాడలేదు, దేశ్‌ముఖునే కాపాడింది. బందగీని తమవాడిగా గుండెకు హత్తుకున్నది తెలంగాణ రైతులు. 'మా భూమి' నాటకానికి ప్రేరణ అయినదీ అతని కథే. మన పిల్లలకు పూర్వీకుడు కావలసింది నిజామా, బందగీయా?

ఇక 1948. రజాకార్ల దౌర్జన్యాలు నిజం, వాటిని సమర్థించేవారు మనలో ఉండరాదు. ఆ దౌర్జన్యాలను ఎదిరించి రాసినందుకు ప్రాణమిచ్చిన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్ కూడా ముస్లిమే. సెప్టెంబరులో నిజాం లొంగిపోయాడు. తరువాత ఏమైంది? రాజుకు రాజభరణం వచ్చింది, రాజప్రముఖ్ పదవి వచ్చింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, జాగీర్దారులకు పరిహారం ముట్టింది. గ్రామాలలోని సామాన్య ముస్లింలకు ఏమి ముట్టింది? పోలీసు చర్య సమయంలోనూ ఆ తరువాతా తక్కువలో తక్కువగా 27 వేల నుంచి 40 వేల మంది మరణించి ఉంటారని భారత ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ సంఘం అంచనా వేసింది. రాజు చేసిన అప్పును ప్రజల ఖాతాలో రాయడమంటే ఇదే. అందుకే ఈ లెక్క మనకు పుస్తకాల చర్చ కాదు, ప్రాణాలతో కట్టిన బాకీ.

ఈ తప్పుడు లెక్క నేటికీ నడుస్తూనే ఉంది. 2007 చట్టం ముస్లింలలో 14 సామాజిక వర్గాలను బీసీ-ఇ గా గుర్తించి 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. దూదేకులవారు అంతకు ముందు నుంచే బీసీ-బి లో ఉన్నారు. ఫకీరులు, హజాములు, గారడీవారు, అత్తరు సాయిబులు ఏనాడు రాజ్యమేలారు? అయినా రిజర్వేషన్ మాట ఎత్తగానే "ఏలినవారికి ఎందుకు?" అని అడుగుతారు. విందులో మన పెద్దమనిషి అన్న "ఏలినవాళ్లం" అనే మాట నేరుగా ఆ ప్రశ్నకే సాక్ష్యమవుతుంది. ఉత్త గర్వం కోసం మన పిల్లల సీట్లను మనమే పణంగా పెడుతున్నాం.

ఒకరి భారాన్ని మరొకరి మీద మోపరాదన్నది మన విశ్వాసంలోనే ఉన్న సూత్రం. అది ఇతరులకు చెప్పే ముందు మనం పాటించాలి. మనం చేయగలిగినవి మూడు పనులు ఉన్నాయి. మొదటిది, ఇండ్లలో "మనం ఏలినాం" అన్న మాటను మానుకుందాం. రెండవది, ప్రతి కుటుంబం తన నాలుగు తరాల చరిత్రను ఒక నోటు పుస్తకంలో రాయించుకోవాలి. ముత్తాత ఏ ఊరివాడు, ఏ పని చేశాడు, భూమి ఉందా, ఎవరికి శిస్తు కట్టాడు అన్నవి వృద్ధులు జీవించి ఉండగానే అడిగి తెలుసుకోవాలి. పాత పట్టాలు, పహాణీలు ఉంటే భద్రపరచాలి. మూడవది, బడిలో మన పిల్లవాడిని చరిత్ర పేరుతో నిలదీస్తే కోపంతో కాకుండా మర్యాదగా, లిఖితపూర్వకంగా ప్రధానోపాధ్యాయుని దృష్టికి తీసుకుపోవాలి. పాఠం తీసివేయమని కాదు, పాఠం పూర్తిగా చెప్పమని అడగాలి.

మన మాటలలోనే ఒక జ్ఞాపకం దాగి ఉంది. 'రైతు' అనే మాట అరబ్బీ, పారశీకాల మీదుగా తెలుగులోకి వచ్చింది. అక్కడ దానికి పాలితుడు, ప్రజ అని అర్థం. 'హక్కు' కూడా ఆ దారినే వచ్చింది. ఏలినవాడి భాష నుంచి ఏలబడినవాడు తెచ్చుకుని తనదిగా చేసుకున్న మాటలవి. మనకు మిగిలిన వారసత్వం ఏదైనా ఉంటే అదే.

బాలుడికి మేము ఇచ్చిన జవాబు ఇది: "కూలగొట్టింది ఢిల్లీ సుల్తాను సైన్యం, నాయనా. అది తప్పే. కానీ అప్పుడు మీ ముత్తాతల ముత్తాతలు ఎక్కడ ఉన్నారో, ఏమి చేస్తున్నారో మీ నానమ్మను అడిగి రాసుకొని రా." మరుసటి వారం వాడు రెండు పేజీలు రాసుకొచ్చాడు. నాలుగు తరాలకు మించి నానమ్మకు గుర్తులేదట. భువనగిరి దగ్గర ఒక పల్లె, ఒక దూది ఏకే విల్లు, కరువులో అమ్ముకున్న ఒక ఎడ్లబండి, దొర గడీలో చేసిన వెట్టి. పేజీలు మా చేతిలో పెట్టి వాడు తల ఎత్తి నిలబడ్డాడు. ఓరుగల్లు తోరణమూ చార్మినారూ ఒకే చోట ఉన్న మన రాష్ట్ర రాజముద్రను వాడికి చూపించి, ఆ రెండింటికీ రాళ్లు మోసినవారి లెక్క ఇంకా రాయవలసి ఉందని చెప్పాం.