కుందేలు గడ్డకు కోత కన్నా ముందు పరీక్ష

పెంపుడు కుందేలు దవడ కిందో, బుగ్గ మీదో చేతికి తగిలే గడ్డ చాలాసార్లు చీముగడ్డే. దాని మూలం తరచు నోట్లో ఉంటుంది. కుందేలు పళ్లు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి. ముందుపళ్లు వారానికి రెండు మిల్లీమీటర్లకు పైనే పెరుగుతాయి. రోజంతా పీచుగల గడ్డి నమిలితేనే అవి అరుగుతాయి. క్యారెట్ ముక్కలు, దుకాణంలో కొన్న గుళికల మేత మీదే పెరిగే కుందేలుకు ఆ అరుగుదల చాలదు. పన్ను వేరు దవడ ఎముకలోకి దిగుతుంది, అక్కడ చీము పడుతుంది.

ఆ చీము కుక్కలకు పట్టే చీములా కారిపోదు. గట్టిగా తోడుకున్న పెరుగులా, దళసరి పొర లోపల నిలిచి ఉంటుంది. అందుకే గాటు పెట్టి పిండి పంపిస్తే కొన్నాళ్లకే మళ్లీ ఊరుతుంది. పొరతో సహా గడ్డను తీసి, చెడిన పన్ను ఉంటే దాన్నీ పీకడమే సరైన వైద్యం. తలకు ఎక్స్‌రే తీయకుండా ఈ నిర్ణయానికి రావడం సాధ్యం కాదు.

గడ్డలన్నీ చీముగడ్డలు కావు. ఆడకుందేలు గొంతు కింద వేలాడే మెత్తని మడత సహజమైనదే. చర్మం మీద పుట్టే కణితుల్లో చాలావాటితో ప్రాణభయం లేదు. అరుదుగా కుక్కల బద్దెపురుగు తిత్తి చర్మం కింద బుడిపెలా కనిపిస్తుంది. కుక్క మలం తగిలిన గడ్డి ద్వారా అది వస్తుంది. ఆడకుందేలు పొట్ట మీద, రొమ్ముల వరసలో గడ్డ లేస్తే మాత్రం గర్భసంచినీ స్కాన్ చేయాలి. గర్భసంచి తీయించకుండా నాలుగేళ్లు దాటిన ఆడకుందేళ్లలో గర్భసంచి కేన్సర్ చాలా ఎక్కువ. గడ్డ ఏ రకమో తేల్చే తొలి మెట్టు చవకైనదే: సన్నని సూదితో కణాలు తీసి మైక్రోస్కోపు కింద చూడడం.

పరీక్షకు ముందే మందు మొదలుపెట్టడం అన్నిటికన్నా ప్రమాదం. మనుషులకు, కుక్కలకు మామూలుగా ఇచ్చే అమాక్సిసిలిన్‌నో, క్లిండమైసిన్‌నో నోటి ద్వారా ఇస్తే కుందేలు పేగుల్లోని మేలుచేసే సూక్ష్మజీవులు చచ్చి, విషం పుట్టించేవి పెచ్చరిల్లుతాయి. దాంతో ప్రాణమే పోవచ్చు. కుక్కల పేలమందు ఫిప్రోనిల్ కూడా కుందేలుకు విషమే. మందుల షాపులో అడిగి తెచ్చిన మాత్ర పెంపుడు కుందేలుకు ఎప్పటికీ తగదు.

మత్తు విషయంలోనూ కుందేలు వేరు. బ్రిటన్‌లో జరిగి 2008లో వెలువడిన పెద్ద అధ్యయనంలో మత్తుకు సంబంధించిన మరణాలు కుక్కల్లో 0.17 శాతం, పిల్లుల్లో 0.24 శాతం, కుందేళ్లలో 1.39 శాతం. కుందేలు వాంతి చేసుకోలేదు కనుక ఆపరేషన్‌కు ముందు రాత్రంతా పస్తు పెట్టనక్కర్లేదు. పస్తు పెడితే పేగుల కదలికే ఆగిపోవచ్చు. పస్తుంచి తెమ్మని చెప్పే చోట కుందేళ్ల అనుభవం తక్కువని అర్థం.

బెంగళూరులోని బెళ్ళందూరులో ఈ అనుభవం ఉన్న డాక్టరును వెతుక్కోవలసి వస్తోంది. ఔటర్ రింగ్ రోడ్డు వెంట ఐటీ ఉద్యోగుల అపార్ట్‌మెంట్లలో, తెలుగు కుటుంబాలు సహా, పిల్లల కోసం కుందేలును కొనేవారున్నారు. పశువైద్య చదువులో ఆవుకు, గేదెకు, కోడికి, కుక్కకు దక్కిన చోటు కుందేలుకు లేదు. అది డాక్టర్ల తప్పు కాదు. పోనీ 1958లో మొదలైన హెబ్బాళ పశువైద్య కళాశాలకు వెళ్దామంటే, అది అదే రింగ్ రోడ్డు మీదుగా ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరం. మారతహళ్ళి, టిన్ ఫ్యాక్టరీ దాటే ఆ రద్దీ ప్రయాణం ఎండవేళ కుందేలుకు చేటు. దారిలో గడ్డి అందుబాటులో ఉండాలి, తెల్లవారుజామునే బయల్దేరాలి.

కాబట్టి బెళ్ళందూరు, హరళూరు, సర్జాపుర రోడ్డు క్లినిక్‌లు కుందేలును చూస్తాయో లేదో, మత్తు ఇవ్వగలవో లేదో బోర్డు మీదే రాయాలి. అపార్ట్‌మెంట్ సంఘాలు ఆ పేర్ల పట్టికను లిఫ్టు పక్కనే ఉంచాలి. కుందేలు దంతాల ఎక్స్‌రే మీద, మత్తు మీద ప్రైవేటు డాక్టర్లకు కళాశాల తరచు శిక్షణ ఇవ్వాలి. పెంపుడు జంతువుల దుకాణాలు 2018 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు కావాలి. ఆ నమోదు కోరే ప్రతి దుకాణమూ కుందేలుతో పాటు ఒక కాగితం ఇచ్చేలా మండలి షరతు పెట్టాలి. మేతలో సింహభాగం ఎండుగడ్డే కావాలనీ, వారానికోసారి దవడ తడిమి చూడాలనీ, గడ్డ తగిలితే ఒకటి రెండు రోజుల్లో డాక్టరుకు చూపించాలనీ, కుందేలు పన్నెండు గంటలు ఏమీ తినకపోతే ఆ పూటే తీసుకెళ్లాలనీ అందులో తెలుగు, కన్నడ, ఇంగ్లీషుల్లో ఉండాలి.