చల్లని తుపాకి

అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రమున, శాంటాఫే పట్టణము చెంత, 2021 అక్టోబరు 21వ తేదీని 'రస్ట్' అను చలనచిత్రమునకు రిహార్సలు జరుగుచుండగా నటుడు అలెక్ బాల్డ్విన్ చేతనున్న రివాల్వరు పేలినది. ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ మరణించెను. దర్శకుడు జోయెల్ సౌజా గాయపడెను. అంతకు ముందే సహాయ దర్శకుడు 'చల్లని తుపాకి' యని కేక వేసియుండెను. అందు అసలు తూటా లేదని చిత్రనిర్మాతల పరిభాషలో దాని కర్థము.

చిత్రములలో వాడు తూటాలు రెండు విధములు. మందుండి గుండులేనిది యొకటి; గుండుండి మందులేనిది మరియొకటి. ఈ రెండవది చూపునకు అసలు తూటాయే. అందుచేత కొన్నింటిలో చిన్న గోళీలు వేయుదురు, కొన్నింటికి ప్రక్కన రంధ్రము చేయుదురు. ఊపి విని, త్రిప్పి చూచి, ఒక్కొక్కదానినే గుర్తింపవలెను. ఇది క్షణముల పని. తాను తూటాల నన్నిటిని పరీక్షింపలేదని సహాయ దర్శకుడే తరువాత నంగీకరించెను. పరీక్షకు బదులు మాట చేతులు మారినది. తుపాకియు దానివెంటనే మారినది.

ఇట్టి యపాయము క్రొత్తది కాదు. 1993 మార్చి 31న విల్మింగ్టన్‌లో 'ది క్రో' చిత్రీకరణమున బ్రాండన్ లీ మరణించెను. మందు తీసివేసిన తూటాలో రంజకము మిగిలియుండుటచే గుండు గొట్టములో చిక్కెను. పిదప గుండులేని తూటా పేల్చినపుడు ఆ గుండు వెడలి వచ్చెను. ఆనా డెవరిపైనను నేరారోపణ జరుగలేదు.

నటుడు ఆయుధనిపుణుడు కానక్కరలేదని నటుల సంఘము వాదించినది. ఆ వాదము త్రోసివేయదగినది కాదు. కాని బాల్డ్విన్ నటుడు మాత్రమే కాడు, నిర్మాతలలో నొకడు. ఆ సంగతి విచారణలో అప్రస్తుతమని న్యాయాధిపతి నిర్ణయించెను. తూటాలకు సంబంధించిన సాక్ష్యమును ప్రభుత్వపక్షము దాచినదని 2024 జూలైలో అభియోగమునే కొట్టివేసెను. సహాయ దర్శకునికి 2023లో ఆరునెలల ప్రొబేషను మాత్రమే. కారాగారమునకు బోయినది ఆయుధపాలకురాలు. ప్రమాదకాలమున ఆమె వయస్సు 24 ఏండ్లు. శిక్ష 18 నెలలు.

ఆమె దోషము లేదని మేమనము. అసలు తూటాలు అచ్చట మరికొన్ని దొరికినవి. వానిని కనిపెట్టుట ఆమె విధి. అయినను ఆయుధముల పనికి ఆమెకు ఎనిమిది దినముల వేతనమే యిచ్చి, తక్కిన దినములలో సామగ్రి సహాయకురాలిగా నియోగించిరి. అంతకు ముందే రెండుమారులు తుపాకి పొరపాటున పేలినను యాజమాన్యము విచారింపలేదని రాష్ట్రాధికారులు నిర్ధారించిరి. కెమెరా పనివారు పలువురు భద్రతాలోపములను, ఇతర కష్టములను చెప్పి ఆ యుదయముననే పని మాని వెడలిరి. చిత్రీకరణ మాత్రము ఆగలేదు. సంస్థపై విధించిన జరిమానా 1,36,793 డాలర్లు. 2023లో రాజీపై అది లక్ష డాలర్లకు దిగినది. ఎనిమిది దినములు చాలునను నిర్ణయమునకై నేరారోపణ ఎవరిపైనను జరుగలేదు.