"పోనీలే" అనొద్దు!

మన హాస్టల్లో ఎవరికైనా ఎం.బి.బి.ఎస్. సీటొస్తే స్వీట్లు పంచుకుంటాం. ఇంజనీరింగ్ వస్తే చప్పట్లు కొడతాం. అదే ఒక చెల్లికి నర్సింగ్ సీటొస్తే "పోనీలే, తొందరగా ఉద్యోగం వస్తుంది" అంటాం. ఆ "పోనీలే" అనే మాట మీదే నా అభ్యంతరం.

నర్సంటే డాక్టరు చెప్పింది చేసే మనిషి మాత్రమేనా? గుండె జబ్బుల విభాగం సంగతే చూద్దాం. ఒకప్పుడు గుండెపోటు వచ్చినవాళ్ళను వారాల తరబడి మంచం దిగనిచ్చేవారు కాదు. 1952లో అమెరికాలో లెవైన్, లౌన్ అనే డాక్టర్లు రోగులను కుర్చీలో కూర్చోబెట్టి, దానివల్ల హాని లేదని చూపించారు. అక్కడి నుంచి నడిపించడం, వ్యాయామం చేయించడం, మందులు క్రమం తప్పకుండా చూడటం, పొగ మాన్పించడం, మనసులో భయం పోగొట్టడం దాకా వచ్చింది. దీన్నే కార్డియాక్ రిహాబిలిటేషన్ అంటున్నారు. 2016లో కాక్రేన్ సంస్థ 63 పరిశోధనలను కలిపి పరిశీలించింది. వ్యాయామంతో కూడిన ఈ పద్ధతి వల్ల గుండె జబ్బు మరణాలు 10.4 శాతం నుంచి 7.6 శాతానికి తగ్గినట్టు తేలింది.

ఈ రంగంలో నర్సుల పాత్ర చాలా పెద్దది. ఆస్ట్రేలియాకు చెందిన పట్రీషియా డేవిడ్‌సన్ నర్సుగా జీవితం మొదలుపెట్టి, గుండె రోగుల సంరక్షణపై పరిశోధనలు చేశారు. 2013లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ నర్సింగ్ స్కూలుకు డీన్, 2021లో వొలంగాంగ్ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు. నర్సు వైస్ ఛాన్సలర్ కావడం కథ కాదు, జరిగిన విషయం.

మన దగ్గర 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేదవాళ్ళకూ గుండె ఆపరేషన్లు అందాయి. మరి ఇంటికొచ్చాక? మెట్లెక్కొచ్చా? బిందె ఎత్తొచ్చా? మళ్ళీ కూలికి పోవచ్చా? వారం వారం ఆస్పత్రికి రమ్మంటే బస్సు ఛార్జీ ఎవరిస్తారు, ఆ రోజు కూలి ఎవరిస్తారు? ఇవన్నీ పరిశోధన ప్రశ్నలే. మన దేశంలో 24 ఆస్పత్రుల్లో 3,959 మంది గుండెపోటు రోగులతో చేసిన 'యోగా-కేర్' పరిశోధన ఫలితాలు 2020లో వచ్చాయి. మరణాలు, మళ్ళీ వచ్చే గుండెపోట్లు తగ్గాయని కచ్చితంగా తేలలేదు గానీ, యోగా నేర్చుకున్నవాళ్ళు పాత పనుల్లోకి మెరుగ్గా తిరిగి వెళ్ళగలిగారు. కూలి చేసుకునేవాడికి అది చిన్న విషయమా?

కూలి పోతే ఆ పూట ఇంట్లో ఏమవుతుందో మనకు ఒకరు చెప్పాలా? ఆ బతుకు తెలిసినవాళ్ళే ఆ ప్రశ్నలు వేయాలి. అందుకే మన హాస్టల్ బిడ్డలు పరిశోధనలోకి రావాలంటున్నాను.

"ఇంటికి డబ్బు పంపాలి, మనకెందుకు పిహెచ్.డి.?" అని అడుగుతారు. నిజమే. ముందు ఉద్యోగం చేయండి. కానీ అక్కడే ఆగిపోకండి. జి.ఎన్.ఎం. చేసినవాళ్ళకు రెండేళ్ళ పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. ఉంది. ఆ తర్వాత రెండేళ్ళ ఎం.ఎస్సీ., ఆపైన పిహెచ్.డి. ఎస్.సి. విద్యార్థులకు నేషనల్ ఫెలోషిప్, విదేశాల్లో చదవడానికి నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉన్నాయి. వాటి నిబంధనలు ఎం.ఎస్సీ.లో ఉండగానే తెలుసుకోండి.

నర్సులుగా స్థిరపడిన మన అక్కలు, అన్నలు ఏడాదికొక్కసారైనా హాస్టల్‌కు వచ్చి ఈ దారి చూపించాలి. ఈసారి చెల్లికో తమ్ముడికో నర్సింగ్ సీటొస్తే మనమూ స్వీట్లు పంచుదాం!