మాత్రలు ఇద్దరూ వేసుకోవాలి

తెల్లబట్ట అవుతోందంటే మన ఇళ్ళల్లో మొదట వినిపించేది "వేడి చేసిందేమో, మజ్జిగ తాగు" అన్న మాట. మజ్జిగతో నష్టమేం లేదు. కానీ దురద, వాసన, పొత్తికడుపులో నొప్పి కూడా ఉంటే, మజ్జిగ తాగుతూ నెలలు నెట్టుకొచ్చేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

దీనికి పెద్ద స్పెషలిస్టే అక్కర్లేదండీ. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ల్యాబు అంతంతమాత్రమే అయినా, లక్షణాలు చూసి వైద్యం మొదలుపెట్టే పద్ధతి మన దేశంలో ఉంది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఒక్కో లక్షణానికి ఒక్కో రంగు మందుల కిట్ పెట్టింది. యోనిలో ఇన్ఫెక్షన్‌కి ఆకుపచ్చది, గర్భాశయ ముఖద్వారంలో అయితే బూడిదరంగుది, పొత్తికడుపులో వాపుకి పసుపుది. జిల్లా ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్‌లు కూడా ఉన్నాయి.

ఇక్కడొక మాట చెప్పాలి. ప్రతి తెల్లబట్టా సుఖవ్యాధి కాదు. ఫంగస్ వల్ల వచ్చే దురద భర్త నుంచి అంటుకున్నది కానక్కర్లేదు. అందుకే తొందరపడి ఎవర్నీ అనుమానించొద్దు. (అసలు ఆ "సుఖవ్యాధి" అన్న పేరు పెట్టినవాళ్ళు ఎవరి సుఖం చూశారో!) ఇంకోపక్క, క్లమీడియా లాంటివి ఆడవాళ్ళలో చాలాసార్లు ఏ లక్షణమూ లేకుండా లోపలే ఉండిపోయి, గర్భనాళాలు మూసుకుపోయేదాకా తెస్తాయి. అప్పుడు పిల్లల్లేరన్న నింద పడేది ఎవరి మీదో మీకు తెలుసు. సిఫిలిస్ అయితే కడుపులో బిడ్డకే అంటుతుంది. గర్భిణులకు చేసే రక్తపరీక్షల్లో అదీ ఉంటుంది, ఫలితం ఏమొచ్చిందని అడగండి.

నా గొడవంతా భర్త వైద్యం దగ్గరే. ట్రైకోమోనాస్ ఉన్న మగవాళ్ళలో చాలామందికి ఏ బాధా తెలీదు. భార్య ఒక్కతే మాత్రలు మింగితే మళ్ళీ అంటుకుంటుంది. ఆయనకి మంట వస్తే మాత్రం మందుల షాపులో గుట్టుగా కొనుక్కుని మింగేస్తాడు, ఇంట్లో మాటైనా చెప్పడు!

"మీ ఆయన్ని తీసుకురామ్మా" అనడం డాక్టర్లకి తేలికే. ఆవిడ ఇంటికెళ్ళి ఏ నోటితో చెప్పాలి? అది కూడా వరండాలో అందరూ వినేలా అంటే ఆవిడ మళ్ళీ రాదు. తలుపు వేసి మాట్లాడాలి. "ఇన్ఫెక్షన్, ఇద్దరికీ వైద్యం కావాలి" అని డాక్టరే ఒక చీటీ రాసివ్వాలి. వైద్యం పూర్తయ్యేదాకా కలవకూడదన్న సంగతి కూడా అందులోనే ఉండాలి. మనం చెబితే తలనొప్పి వంక అనుకుంటారు.