సెంటులో చేదెందుకు?

పిల్లలూ! సెంటు చేతిమీద చల్లుకోగానే చల్లగా వుండి, చిటికెలో ఆరిపోతుంది కదా! అందుకు కారణం అందులోని ఆల్కహాలు. సారాలో వుండేదీ అదే! సారా పన్ను లేకుండా సెంట్లకు వాడే ఆల్కహాలులో, తాగడానికి వీల్లేని పదార్థాలు కలపాలని అనేక దేశాల్లో చట్టం వున్నది. సీసామీద "ఆల్కహాల్ డీనాట్" అని వుంటే, అది అలా కలిపినదన్నమాట.

ఈ పదార్థాల్లో ఒకటి డెనటోనియం. 1958లో స్కాట్లండులో, నొప్పి తెలియనివ్వని మందులకోసం వెతుకుతూండగా ఇది బయటపడింది. దీనిముందు కాకరకాయ కూడా తీపే! పదిలక్షల పాళ్ళలో పదిపాళ్ళున్నా నోట పెట్టలేము.

కాని చేదు హెచ్చరిస్తుందే తప్ప, విషాన్ని విరిచెయ్యదు. పసివాడు గుటకలు వేస్తే రక్తంలో చక్కెర తగ్గి స్పృహ తప్పవచ్చు. కనుక సెంటుసీసా చంటివాళ్ళకు అందనిచోట వుంచండి. పొరపాటున తాగితే వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకుపోవాలి.