తాళం వేసి గొళ్లెం మరిస్తే..!

అన్నవరం వెళ్తున్న స్నేహితుడికి ‘ప్రసాదం తీసుకురా’ అని మాత్రమే చెబితే, దారిలో ఎక్కడ ముందు కనిపిస్తే అక్కడే కొంటాడు. ‘కొండమీద దేవస్థానం కౌంటర్లోనే తీసుకో’ అంటే ఆ తికమక ఉండదు. వ్యాపార సంస్థల లెక్కలు మోసే ఐబీఎం ఐ కంప్యూటర్ల తీరూ ఇంతే. 1988లో ఏఎస్/400గా వచ్చిన ఈ వ్యవస్థలో ప్రోగ్రాములు, ఫైళ్లు లైబ్రరీల్లో ఉంటాయి. ఉత్త పేరుతో పిలిస్తే అది లైబ్రరీ జాబితాను పైనుంచి కిందికి వెతుకుతుంది. ముందు సిస్టమ్ లైబ్రరీలు, తర్వాత ప్రొడక్ట్ లైబ్రరీలు, కరెంట్ లైబ్రరీ, చివరగా యూజర్ లైబ్రరీలు. ఆ పేరుతో మొదట దొరికిందే నడుస్తుంది. అది అసలుదా, నకిలీదా అని చూడదు.

ఈ కొలువులపై కన్నేసిన మీరు యూజర్ అధికారాలను ఒక పాఠంగా, లైబ్రరీ వరసను మరో పాఠంగా చదువుతుంటారు. నిజానికి ఇవి ఒకే తలుపుకున్న తాళం, గొళ్లెం.

ఎలాగంటారా? జీతాల ఫైలును ఎవరూ ముట్టకుండా మూసేశారనుకోండి. దాన్ని తెరిచే ప్రోగ్రాము మాత్రం తన యజమాని అధికారంతో నడుస్తుంది. అది మరో ప్రోగ్రామును ఉత్త పేరుతో పిలుస్తోంది. జాబితాలో పైనున్న ఒక లైబ్రరీపై అందరికీ ‘చేంజ్’ అధికారం ఉంది. ఇంకేముంది, ఎవరైనా అదే పేరుతో సొంత ప్రోగ్రామును అందులో పెట్టొచ్చు. అది యజమాని హోదాలో జీతాల ఫైలును తెరిచేయగలదు. దురుద్దేశం లేకపోయినా ముప్పు ఉంటుంది. టెస్ట్ లైబ్రరీ జాబితాలో పైన ఉండిపోతే, అసలు బిల్లులు టెస్ట్ ఫైల్లోకి వెళ్లిపోతాయి. ఎర్రర్ కూడా రాదు!

అందుకే జాబితాలోని లైబ్రరీలపై మామూలు యూజర్లకు ‘యూజ్’ అధికారం చాలు. యజమాని అధికారంతో నడిచే ప్రోగ్రాముల్లో లైబ్రరీ పేరుతో సహా పిలవాలి. ‘పని కావట్లేదు’ అని ఎవరో అనగానే ‘ఆల్ ఆబ్జెక్ట్’ అధికారం ఇచ్చేయకండి. అది ఇంటి తాళాలన్నీ గుత్తగా అప్పగించడమే.

సాధనకు ఉచితంగా ఖాతా ఇచ్చే పబ్400 వంటి సర్వర్లున్నాయి. ఒకే పేరుతో రెండు ప్రోగ్రాములు రాసి, జాబితాలో వరస మార్చి చూడండి. కమాండ్ల పేర్లు బట్టీపట్టి ఎవరైనా చెప్పేస్తారు. ‘ఈ పేరుతో పిలిస్తే ఏది దొరుకుతుంది, దాన్ని మార్చే అధికారం ఎవరికుంది?’ అనే రెండు ప్రశ్నలూ కలిపి అడిగేవారి చేతికే సంస్థలు ధైర్యంగా తాళాలు ఇస్తాయి.